ఎడమవైపు పలక

పోయిన వానకాలం మా అక్కను కంటి డాక్టరుకు చూపించి హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ, గజ్వేల్ దాటినాక రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన దాబా ఒకటి కనిపిస్తే చాయ్ కోసం ఆగాము. దాని ముందర, పూలకుండీల నడుమ, మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ ఒకదాన్ని తళతళలాడే ఎర్రరంగు పూసి అలంకారానికి నిలబెట్టారు. వచ్చినవాళ్ళంతా దాని బానెట్టు మీద మోచెయ్యి ఆనించి ఫోటోలు దిగుతున్నారు. నేను చాయ్ గ్లాసు పట్టుకొని దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ చూడటం లేదనుకొని మడ్‌గార్డు మీద జాన పెట్టి కొలవడం మొదలుపెట్టాను. అక్కడి వాచ్‌మన్ దగ్గరికి వచ్చి ఏం పోయింది పెద్దమనిషీ అని అడిగేదాకా నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. ఇరవై అడుగుల దూరంలో, కారులో, మా మేనకోడలి పక్కన అక్క కూర్చుని ఉంది. పోయిన చూపు ఇక తిరిగి రాదని, మిగిలిన కాస్త వెలుతురు కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పి మూడు గంటలైనా కాలేదు. అక్కా, ఇక్కడ అచ్చం బావ లారీ లాంటిది ఒకటుంది అని చెబుదామని కారు దాకా పోయాను గానీ, ఆమె చేతికి చాయ్ గ్లాసు అందించి వెనక్కి వచ్చేశాను. నలభై ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య లారీ అన్న మాటే రాలేదు, రాకపోవడానికి కారణం నేను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంపెనీ నుంచి వచ్చేది సగం లారీయే. ఇంజను, దాన్ని కప్పే మూతి, చాసీ, చక్రాలు, స్టీరింగు, అంతే. డ్రైవరు కూర్చోవడానికి సీటు కూడా ఉండేది కాదు. ఒక చెక్కపెట్టె వేసుకొని, తలకు తువ్వాల చుట్టుకొని, దుమ్మూ ఎండా మొహాన కొడుతుంటే వందల మైళ్ళు అట్లాగే తోలుకొచ్చేవారు. అద్దం దగ్గర నుంచి వెనక భాగమంతా మన ఊళ్ళ వడ్రంగులు కట్టవలసిందే, యజమాని ఎట్లా చెబితే అట్లా. అందుకే మూతి చూస్తే అన్ని లారీలూ ఒక్కటే, మూతి దాటి వెనక్కి వస్తే ఏ రెండూ ఒకటి కావు. బావ లారీని మా ఊరు సిద్దిపేటలోనే, పాత బస్టాండు వెనక ఉండే వడ్రంగి ఒకాయన రెండు నెలలు పని చేసి కట్టాడు. నేనప్పుడు సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను, సెలవులకు వచ్చేసరికి లారీ తయారై నీలం రంగు పూసుకొని అక్కావాళ్ళ వాకిట్లో నిలబడి ఉంది. అక్క పెళ్ళై అప్పటికి ఏడాది కూడా కాలేదు.

బావ మాటకారి, నవ్వితే వీధి చివరి దాకా వినబడేది. హుస్నాబాద్ నుంచి పత్తి, వడ్లు వేసుకొని ఎక్కడెక్కడికో తిరిగేవాడు. నా పరీక్షకు బస్సు తప్పిపోతే సగం ఎక్కించిన బస్తాలు దింపించి, ఖాళీ లారీలో నన్ను సంగారెడ్డి దాకా దిగబెట్టిన మనిషి. ఆ పరీక్ష పాసై, డ్రాయింగు నేర్చుకొని ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరుగా నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు తాగితే తగ్గుతుందని పసరు తాగించాము, దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. అక్కకు అప్పుడు ఆరేళ్ళ కూతురు. లారీకి అప్పటికే ఇంజను చెడిపోయి ఉంది. ఇంటి ముందర వేపచెట్టు కింద అది అట్లాగే నిలబడిపోయింది, మెల్లగా టైర్లు నేలకు అంటుకున్నాయి.

అక్క బీడీలు చుట్టి ఇల్లు గడుపుకుంది. ఆ బీడీలు ఇంట్లో కూర్చుని చుడితే ఎవరికీ ఏ బాధా లేకపోయేది, కానీ పొద్దున పని కాగానే తునికాకు చాటలో పెట్టుకొని, ఎడమవైపు తలుపు తెరిచి లారీ ఎక్కి క్లీనరు కూర్చునే పలక మీద కూర్చునేది. సాయంత్రం దాకా అక్కడే. వారానికోసారి అద్దాలు కడిగేది. తనలో తాను ఏదో మాట్లాడుకుంటుందని, లారీలో మొగుడున్నట్టే నవ్వుతుందని వీధిలో ఆడవాళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట మా ఆఫీసు దాకా కూడా వచ్చి నా చెవిన పడింది. పోయినవాళ్ళ పక్కాబట్టా ఇంట్లో ఉంచుకోరాదు, అంత పెద్ద లారీని కండ్ల ముందర పెట్టుకుంటే ఆ పిల్ల మనిషెట్లా అవుతుందని మా పెద్దబాపు నన్ను కేకలేశాడు. కొత్త ఉద్యోగం, ఇంట్లో నా మాటకు విలువ పెరిగిన రోజులు. అక్క మంచి కోరే అనుకున్నాను, ఇప్పటికీ ఆ మాట అబద్ధమని చెప్పలేను. కానీ వీధిలో తలెత్తుకొని నడవాలన్న కోరిక కూడా అందులో ఉందని ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను.

అక్క కూతుర్ని తీసుకొని కొమురవెల్లి జాతరకు పోయిన రెండు రోజుల్లో పని ముగించాను. బావ పోయినప్పుడు లారీ కాగితాల మీద నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా అక్క సంతకం పెట్టింది, వాటిలో ఒకటి ఇప్పుడు లారీ అమ్మడానికి పనికొచ్చింది. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చారు. ఎత్తుకుపోవడానికి వీలుకాక అక్కడే, వేపచెట్టు కిందే, చెక్కంతా ఊడదీసి ఇనుము కోసి బండ్లకెత్తారు. చెక్క పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు. సాయంత్రానికి నేల మీద నూనె మరకలు, నాలుగు గుంతలు మాత్రం మిగిలాయి.

మర్నాడు అక్క వచ్చింది. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను, చెప్పవలసిన మాటలన్నీ రాత్రే కూర్చుకొని పెట్టుకున్నాను. ఆమె సంచి గడపలో పెట్టి, చీపురు తెచ్చి ఆ జాగంతా ఊడ్చింది, గుంతల్లో మట్టి వేసి కాలితో తొక్కింది, తరవాత కాళ్ళు కడుక్కొని లోపలికి పోయి నాకు అన్నం వడ్డించింది. నేను తిన్నాను. తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే ఆ రోజుతో అయిపోయేది. ఆ తరవాత నా పెళ్ళికి అన్నీ తానై నిలబడింది, నా పిల్లలకు నీళ్ళు పోసింది, కూతురి పెళ్ళి చేసి చివరికి ఆ కూతురి దగ్గరికే హుస్నాబాద్ పోయింది. ఇన్ని మంచిచెడ్డల్లో ఒక్కనాడైనా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దాబా దగ్గర నుంచి ఇంటికి వచ్చిన రాత్రి నాకు ఒకటే ఆలోచన. బావ లారీ ఫోటో ఒక్కటే ఉంది నా దగ్గర, దసరా నాడు పూలదండ వేసి, ఎడమ తలుపు బార్లా తెరిచి, దాని పక్కన బావ నిలబడి దిగినది. చూపున్న రోజుల్లో దాన్ని అక్కకు చూపించే ధైర్యం చేయలేదు, ఇప్పుడు చూపించినా ఆమెకు కనబడదు. ఇక ఆమెకు ఇవ్వగలిగేది చేతికి తగిలేదొక్కటే. ముప్పై ఏళ్ళు కాలువలూ తూములూ కొలతకు తగ్గించి కాగితం మీద గీసిన చేతులివి, ఒక లారీని తగ్గించలేవా అనుకున్నాను. అడుగుకు ముప్పావు అంగుళం లెక్కన మొత్తం పొడుగు పదహారున్నర అంగుళాలు వచ్చింది.

మరో రెండుసార్లు దాబాకు పోయి, వాచ్‌మన్‌ను మంచి చేసుకొని, మూతి కొలతలన్నీ రాసుకొచ్చాను. ఆ గుండ్రటి మూతికి రేకు వంగక నానా తిప్పలు పడ్డాను. చివరికి చేర్యాలలో బొమ్మలు చేసే తెలిసినాయన ఒకరు, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి పూయమని చెబితే అది కుదిరింది. మడ్‌గార్డులకు నూనెడబ్బా రేకు, ఇరుసులకు గొడుగు చువ్వలు, టైర్లకు మూడు జతల పాత హవాయి చెప్పులు. ఒకటి మా ఇంటామె వాడుతున్న జతే. ఆమె వంటింట్లో నుంచే, చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని దెప్పేది గానీ, సన్నటి గరుకు కాగితం పట్టి చెక్క నున్నగా రుద్దే పని మాత్రం తనే చేసింది.

మూతి అయితే అయింది, వెనక భాగానికి కొలతలెక్కడివి? కట్టిన వడ్రంగి లేడు, కట్టించిన బావ లేడు, లారీని నేను ఉంచలేదు. ఫోటోలో కనబడేది ఒక పక్కే. చేసేది లేక అక్కకు ఫోన్ చేశాను. ఊరకనే గుర్తొచ్చినట్టు, బావ లారీకి పక్క పలకలు ఎన్నుండేవి అక్కా అని అడిగాను. అయిదని చెప్పింది. మర్నాడు వెనక తలుపు గొలుసుల గురించి అడిగాను, ఆ మర్నాడు దేవుడి పటాలు పెట్టే అరమర గురించి. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగిందల్లా నిన్ననే తుడిచి వచ్చినట్టు చెప్పేది. ఏ మేకు వదులుగా ఉండేదో, ఏ పలకకు కన్నం ఉండేదో, వాన పడితే నీళ్ళు ఎక్కడ కారేవో. నాలుగు నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్నంత, అంతకుముందు నలభై ఏళ్ళలో మాట్లాడుకోలేదు.

పని పూర్తయ్యాక, మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, ఒళ్ళో పట్టుకొని హుస్నాబాద్ బస్సెక్కాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా ఆమె ఒళ్ళో పెట్టాను. ముందు మూతి తడిమింది, దీపాలు తడిమింది, పక్క పలకలు వేళ్ళతో లెక్కపెట్టుకుంది. నేను పరీక్ష కాగితం ఇచ్చిన పిల్లవాడిలా పక్కనే నిలబడ్డాను. ఆ తరవాత ఎడమ తలుపు వెతికి, గోటితో తెరిచి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

“ఎడమదిక్కు పలక గింత ఎత్తు లేకుండె తమ్మీ.”

నిజమే. ఫోటోలో ఆ పలక డ్రైవరు సీటు కన్నా కిందికి ఉన్నట్టే కనబడింది. వడ్రంగి సరిగా కొట్టలేదనో, కాలక్రమాన కుంగిందనో అనుకొని, ట్రేసరు బుద్ధి పోనిచ్చుకోక రెండు వైపులా సమానం చేసి పెట్టాను. అప్పుడు చెప్పింది అక్క, నాకెన్నడూ తెలియని సంగతి. లారీ కట్టే రోజుల్లో ఒకనాడు బావ సద్ది తెమ్మని ఆమెను వడ్రంగి దగ్గరికి పిలిపించాడట. పొట్టి మనిషి, మామూలు పలక మీద కూర్చుంటే కాళ్ళు కిందికి ఆనక గుంజుతాయని, స్టూలు మీద కూర్చోబెట్టి, పరాయివాళ్ళ ముందర ఆమె సిగ్గుపడుతుంటే తనే జాన పెట్టి మోకాలి నుంచి మడమ దాకా కొలిచాడట. రెండు జానలకు నాలుగు వేళ్ళు తక్కువ. ఆ కొలతకే పలక వేయించాడు. కూతురు కడుపున పడేదాకా ఆ మొదటి ఏడాదంతా పత్తి బస్తాలతో పాటు తనూ ఊళ్ళు తిరిగిందట, ఆ పలక మీద కూర్చుని. నేను హాస్టల్లో ఉన్న ఏడాది అది. నేను ఇనుము లెక్కన తూకానికి పంపించింది ఆమె కూర్చునే జాగను. వేపచెట్టు కింద బీడీలు చుట్టినన్నాళ్ళూ ఆమె పిచ్చిదేం కాలేదు, తనకోసం కొలిచి వేసిన చోట కూర్చుంది, అంతే.

ఎనిమిది రోజుల్లో పలక దించి సరిచేసి తెస్తాను, తీసుకుపోనా అక్కా అని అడిగి రెండు చేతులూ చాపాను. ఆమె లారీని పొట్టకు దగ్గరగా జరుపుకుంది. గొంతులో కోపం లేదు, పెద్దగా బాధ కూడా లేదు.

“ఒద్దు తమ్మీ. గప్పుడు అడిగినా గిదే మాట చెప్తుంటి.”

ఆ లారీ ఇప్పుడు ఆమె తలగడ పక్కన ఉంటుంది. పోయినప్పుడల్లా నా కన్ను ముందు ఆ ఎడమ తలుపు మీదికే పోతుంది. గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కాగితం చించి మళ్ళీ మొదటి నుంచి గీసిన మనిషిని, ఆ గోరంత తప్పు కండ్ల ముందర ఉన్నా ముట్టుకోకుండా కూర్చుని చాయ్ తాగి వస్తున్నాను.

మన కాలంలో ఇంట్లో ఆడవాళ్ళను అడగడమంటే తెలియని వాళ్ళను ఇబ్బంది పెట్టడం అనుకునేవాళ్ళం. అడగకుండా అన్నీ చేసిపెట్టేవాడే మంచి తమ్ముడు, మంచి కొడుకు. అట్లా ఎంతమంది అక్కలవి ఎన్ని వస్తువులు వాకిళ్ళలో నుంచి కదిలిపోయాయో, మీలో నా ఈడువాళ్ళు ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఇప్పటి పిల్లలు మనకన్నా నయం. మొన్న మా మేనకోడలు ఇంటికి సున్నాలు వేయిస్తూ, నీ గదికి ఏ రంగు వేయించాలమ్మా అని అక్కను అడిగిందట. చూపు లేని మనిషిని రంగు అడగడమేమిటని నేనైతే ఆ ప్రశ్న దగ్గరికే పోయేవాణ్ణి కాను. అక్క మాత్రం ఆకుపచ్చ అని చెప్పిందట, ఎవరైనా అడుగుతారేమోనని ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నట్టు, వెంటనే.