మొగ్గల జడకు పట్టుదారం పనికిరాదు

మొగ్గల జడ కుట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పనని చెప్పిన మనిషి మాత్రం ఒకామె ఉంది. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది.

ఎనభైల మొదట్లో మా ఆవిడకు కొత్తచెరువు హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాణ్ణి. గుంట మగ్గాన్ని చంకలో పెట్టుకొని పోలేం కదా. పాప చిన్నది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. మగ్గం వదిలి కొత్తచెరువుకు వచ్చి, ఇంట్లో నేనే ఉండిపోయాను. ఇందులో అర్థం కానిదేముందో నాకు తెలియదు గానీ, బోరింగు దగ్గర బిందెతో వరుసలో నిలబడితే చాలు, ఎవరో ఒకరు అడిగేవారు.

"ఏమప్పా, ఈ పొద్దు ఏం వంట?"

"సంగటి, ఊరుబిండి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. ఎవరెవరు నవ్వారో నేను చెప్పగలను.

చేతులు ఊరికే ఉండవు. పాప బడికి పోయాక ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేవాణ్ణి. ధర్మవరం నుంచి తెచ్చుకున్న మిగులు పట్టుదారంతో జడకుచ్చులు కట్టేవాణ్ణి. వీధిలో చాలా ఇళ్లలో నా బుట్టలే ఉండేవి. అడిగి తీసుకుపోయినవాళ్లే వెనక నవ్వేవాళ్లు.

పాపకు ఏడో ఏడు నడుస్తుండగా విషజ్వరం వచ్చింది. తగ్గితే కదిరి నరసింహస్వామికి జుట్టు ఇస్తామని మా అత్త మొక్కుకుంది. తగ్గింది. వేసవిలో గుండు కొట్టించాలని అనుకున్నాం. పాప జుట్టు నడుము దాకా ఉండేది. విషయం తెలిసినప్పుడు అది ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"జుట్టు ఇచ్చేలోపల నాకు మొగ్గల జడ వేసి ఫోటో తీయిస్తావా నాయనా?"

వేసవిలో వీధిలోని ఆడపిల్లలందరికీ ఆ ముచ్చట జరిగేది. మా పాపకు ఆ ఏడు తప్పితే, మళ్లీ జుట్టు అంత పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో. మా ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దడానికి అనంతపురం పోయింది. ఆమె వచ్చిన మర్నాడే కదిరి ప్రయాణం. నాకు మూడు రోజులే ఉన్నాయి.

మా ఎదురింటి పెద్దామె పిల్లలందరికీ మొగ్గల జడలు కుట్టేది. పోయి అడిగాను.

"అక్కా, మా పాపకు కుట్టిస్తావా? లేకుంటే ఎట్ల కుట్టేదో చెప్పు, నేనే కుట్టుకుంటా."

ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"నీ పెండ్లాన్ని వచ్చి అడగమను. మగోనికి నేను జడలు నేర్పల్లనా? బుట్టలల్లేటోనివి కదప్పా, అదీ అల్లుకో పో."

పక్కన ఇద్దరు నవ్వారు. ఇంటికి వచ్చేశాను. ఆమె ముంగిట్లో మళ్లీ అడుగు పెట్టకూడదనుకున్నాను, పెట్టలేదు.

మర్నాడు పొద్దున ధర్మవరం బస్సులో వచ్చిన పూలామె దగ్గర మల్లెమొగ్గలు, కనకాంబరాలు తీసుకున్నాను. దారం సంగతి నాకొకరు చెప్పాలా? పట్టును మించిన దారం ఏముందని గర్వం. పాత గుడ్డ పట్టీ మీద పట్టుదారంతో మొగ్గలు వరసగా కుట్టాను. మధ్యాహ్నానికి పట్టీ నిండింది. చేత్తో ఎత్తి పట్టుకుంటే మొగ్గలు జలజలా రాలాయి. నున్నటి దారం, తొడిమలు నిలవలేదు. బిగించి కట్టిన చోట దారమే తొడిమల్ని కోసేసింది. పాప కింద కూర్చొని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. సాయంత్రానికి ఆ గిన్నెలోనే అన్నీ విచ్చుకున్నాయి.

"రేపు మళ్లీ తెస్తావు కదా నాయనా?" అంది.

ఇంక రేపు ఒక్కటే మిగిలింది. నా పాత నూలు పంచె అంచు చించి దారాలు పీకాను. మర్నాడు వాటిని తడిపి కుట్టాను. తడిసిన నూలు తొడిమను వదల్లేదు. తాగడానికి పెట్టుకున్న బిందెలోనే గుడ్డ ముంచి మొగ్గల మీద కప్పుతూ వచ్చాను, విచ్చుకోకుండా. మధ్యలో కనకాంబరాలతో చీర అంచుకు వేసే గోపురాల వరస దించాను. అది మాత్రం నా చేతికి బాగా తెలిసిన పని.

జడకు కట్టి పాపను వీధిలోకి తెచ్చేసరికి ఎదురింటి ఆమె అరుగు దిగింది. వచ్చి పాప వెనకాల నిలబడి జడ చూసింది.

"మగ్గం బిగించినట్ల బిగించినావు. పిల్ల మెడ తిప్పేకి కాదు."

అడగకుండానే పైన రెండు కుట్లు వదులు చేసింది. పాప మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగుందని ఆమె అనలేదు. అనలేదన్నది నాకు గుర్తుంది. కుట్లు వదులు చేసిన సంగతీ గుర్తుంది, అది కూడా చెప్పాలి.

స్టూడియోలో వెనకాల నిలువుటద్దం పెట్టారు, జడ కనబడేలా. "అమ్మ రాలేదా పాపా?" అని అడిగాడు ఫోటోగ్రాఫరు.

"మా నాయనే కుట్టినాడు" అంది పాప, అద్దంలోకి చూస్తూ. అతను ఒకసారి నా వైపు చూసి, తల నల్లగుడ్డలో దూర్చాడు.

కదిరిలో గుండు అయ్యాక పాప తల తడుముకొని, "ఫోటో ఉండాది లే" అంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది గానీ పాప మాత్రం నవ్వుతూనే ఉంది.

మరుసటి ఏడు వేసవిలో ఎదురింటి ఆమె తన మనవరాలిని, ఒక పొట్లం మొగ్గల్ని తీసుకొని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమప్పా, ఆ గోపురాల అంచు ఎట్ల దించినావో కొంచెం చూపియ్యి."

"నీ మొగుణ్ణి వచ్చి అడగమను" అన్నాను.

ఏడాది దాచుకున్న మాట అది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. గుమ్మంలోనే కూర్చుండిపోయి నవ్వింది.

"ఆయప్ప వస్తే నీకే కష్టం. ఊరికే చింతపండు గింజలు కూడా తీయడు."

చాప మీద జరిగి చోటు ఇచ్చాను. మెడ దాకా పెరిగిన జుట్టుతో మా పాప పక్కన చేరి, నూలు తడిపి ఆమె చేతికి అందించింది. "పట్టుదారం వద్దవ్వా, జారిపోతాది" అని తనే చెప్పింది.