నాన్న గొంతు దాచిన ఫోను

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. సీసాలో నీళ్లు నింపుకోవడానికి లేచినా సరే, కంప్యూటర్‌కు తాళం వేసి మరీ వెళ్లే మనిషి. "అక్కా, నీ టిఫిన్ డబ్బాకి కూడా పాస్‌వర్డ్ ఉందా?" అని పక్క సీటతను ఆటపట్టించేవాడు. "ఉండుంటే నిన్న నువ్వు దాన్ని ఖాళీ చేసేవాడివా?" అనేది. ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేయడం ఆమె ఉద్యోగం.

ఇంట్లో ఉండేది తనూ, నాన్నా. ఆయన కూరగాయల మార్కెట్లో వేలం పాడి బతికినవాడు. ధర పిలిచాడంటే లారీల మోత కూడా వినబడేది కాదు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కు ముందే కూతురు ఆయన్ని తన పాత ఫోను ముందు కూర్చోబెట్టి, ఇంట్లో రోజూ అనే మాటలన్నీ అనిపించి రికార్డు చేసింది. "మంచినీళ్లు తే." "తిన్నావా?" "ఆ టీవీ గోల ఆపు." ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ పెట్టి యాప్ తయారుచేసింది. అన్నీ అయ్యాక, "తిట్టు లేకుండా ఎలాగే? రేపు నీకు భయముంటుందా?" అని ఆయన పట్టుబట్టి, "బుద్ధుందా నీకు?" అని ఇల్లదిరేలా ఒక తిట్టు కూడా చేర్పించాడు. ఇద్దరూ పడిపడి నవ్వారు. దానికి ఆమె ఎర్ర బొమ్మ పెట్టింది.

ఆ తర్వాత బొమ్మ నొక్కితే నాన్నే మాట్లాడేవాడు. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే "వచ్చావా అమ్మా?" అని ఫోను అడిగేది. "వచ్చాను నాన్నా" అనేదాకా ఆయన నొక్కడం మానేవాడు కాదు.

ఆ మాటలకు ఇంకో కాపీ దాచుకోమని స్నేహితులు చెప్పారు. ఆమె వినలేదు. మనుషుల గొంతులు దొంగిలించి, ఆ గొంతులతోనే ఫోన్లు చేసి మోసాలు చేస్తున్న రోజులాయె. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఎవడి చేతిలోనో నాన్న గొంతు పెట్టడమా? ఆఫీసు కంప్యూటర్లో పెడితే మాత్రం పదిమంది కంటా పడదా? తాళాలక్క మరి!

యాప్‌లో ఏ మార్పు చెయ్యాలన్నా ఆ ఫోన్ను ఆఫీసుకు తీసుకెళ్లి కంప్యూటర్‌కు తగిలించాలి. తగిలించిన ప్రతిసారీ, ఈ కంప్యూటర్‌ను అనుమతించనా అని ఫోను అడుగుతుంది. సరే అనేదాకా కంప్యూటర్ అందులో వేలు పెట్టలేదు. మంచి కాపలాయే. కానీ కేబుల్ కాస్త కదిలితే చాలు, మళ్లీ మొదలు. ఒకరోజు విసుగెత్తి, "ఎప్పుడూ అనుమతించు" అన్న గడిలో టిక్ పెట్టేసింది. అతి జాగ్రత్తపరుల తీరే ఇంత. కిటికీలన్నీ బిగించి వీధి తలుపు బార్లా తెరిచి పెడతారు.

కొన్నాళ్లకు, బొమ్మలు చిన్నవిగా ఉన్నాయి, కనబడటం లేదని నాన్న సైగ చేశాడు. ఆమె పొద్దున్నే ఫోను తీసుకెళ్లి, బల్ల మీద యాప్‌లు పరీక్షించే ఆఫీసు ఫోన్ల పక్కన కంప్యూటర్‌కు తగిలించి, బొమ్మలు పెద్దవి చేసింది. అంతలో మేనేజర్ కొత్త పరీక్ష మొదలుపెట్టమన్నాడు. పరీక్షకు ముందు యాప్‌లను మాత్రం ఉంచి, ఫోన్లలోని రికార్డింగులు, ఫైళ్లన్నీ తుడిచెయ్యడం అక్కడి పద్ధతి. దానికోసం కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం రాసింది ఆమే. తగిలించి ఉన్న ఫోన్లన్నిటినీ అది వరసగా తుడిచేస్తుంది, ఎవరిదని చూడదు. అలవాటుగా నడిపింది. చివరి ఫోను దగ్గర కాస్త ఆలస్యమైంది. ఇదేమిటా అని తలెత్తి చూస్తే, నాన్న ఫోను.

ఆ రోజు అది ఏమీ అడగలేదు. అడగొద్దన్నది తనేగా.

రిపేరు షాపతను ఫోను అటూ ఇటూ చూసి చేతులెత్తేశాడు. "లోపలున్నదంతా తాళంలోనే ఉంటుందండీ. చెరిగిపోయిందంటే తాళంచెవి కూడా పోయినట్టే. ఎవరి దగ్గరికెళ్లినా ఇదే చెప్తారు." ఆమె ఆ షాపు అరుగు మీదే కూలబడి ఏడ్చింది. చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఇంటికి వెళ్లేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చేసింది. బొమ్మలు పెద్దవయ్యాయని ఆయన మొహం వెలిగిపోయింది. "వచ్చావా అమ్మా?" బొమ్మ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. సౌండు పెంచి, ఫోన్ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. చొక్కా అంచుతో తుడిచి మరోసారి నొక్కి, ఏమైందన్నట్టు ఆమె వైపు చూశాడు.

"నాన్నా, నీ మాటలన్నీ పోయాయి. నేనే చెరిపేశాను, చేజేతులా. ఇక రావు. ఏదో ఒకటి అను నాన్నా. తిట్టు."

ఆయన కళ్లజోడు సర్దుకుని, కింద మూలనున్న ఎర్ర బొమ్మ వెతికి నొక్కాడు. నొక్కి, వేలు తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

తిట్టు కూడా రాలేదు.