పది రూపాయల బిళ్ళ చెల్లదండి

విజయవాడలో ఎవరికైనా పది రూపాయల బిళ్ళ ఇచ్చి చూడండి. చచ్చిన బొద్దింకని చేతిలో పెట్టినట్టు చూస్తారు. "చెల్లదండి" అంటారు. ఎవరు చెప్పారని అడిగితే చెప్పరు. ఏ ఆర్డరు వచ్చిందని అడిగితే నవ్వుతారు. బిళ్ళ మీద మూడు సింహాలున్నాయి, వాటి కింద సత్యమేవ జయతే అని ఉంది, ప్రభుత్వం పోతపోసి పంపించిన బిళ్ళ అది. అయినా చెల్లదట! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఊరికే మండడం లేదు, మా అమ్మకి జరిగింది తలుచుకుని మండుతోంది.

అమ్మది మైలవరం. బజారులో గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్ముతుంది. తోటకూరైనా, గోంగూరైనా, చుక్కకూరైనా కట్ట పది రూపాయలు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కాంట్రాక్టు కూలీగా పనిచేశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ కష్టపడి నన్ను చదివించారు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను.

ద్రవ్య సరఫరా పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి బ్యారేజీ కథే చెప్పేదాన్ని. గేట్లు ఎత్తితే కాలువల్లోకి నీళ్ళు వస్తాయి. ఎక్కువ వదిలితే చేలు మునుగుతాయి, తక్కువ వదిలితే ఎండుతాయి. డబ్బు కూడా అంతే, పైన కూర్చున్న పెద్దలు ఎంత వదలాలో లెక్కగట్టి వదులుతారు, అందువల్ల ధరలు అదుపులో ఉంటాయి అని. మన పిల్లలకి కాలువలు తెలుసు కాబట్టి ఇట్టే అర్థమయ్యేది. ఒకసారి దివిసీమ నుంచి వచ్చిన పిల్ల లేచి, "మేడమ్, గేట్లు ఎత్తారని పేపర్లో వేస్తారు గానీ మా శివారు చేలకి నీళ్ళు రావండి" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, అది వేరే చాప్టరని కూర్చోబెట్టాను.

పది రూపాయల నోట్లు మాయమైపోతున్న రోజులవి. వచ్చినవేమో చిరిగి, మాసి, ప్లాస్టరు అతికించుకుని వచ్చేవి. నోట్లకి బదులు బిళ్ళలు వదులుతున్నామని పైవాళ్ళు అన్నారు. వదిలారు సరే, తీసుకునేవాడేడీ? బిళ్ళ మీద గీతలు ఇన్ని ఉంటే దొంగదని ఒకడు, రూపాయి గుర్తు లేకపోతే దొంగదని ఇంకొకడు పుకారు లేపారు. ఒక కొట్టువాడు తీసుకోలేదని పక్క కొట్టువాడు మానేశాడు. చూస్తుండగానే ఊళ్ళకి ఊళ్ళు మానేశాయి.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, అందరూ పది రూపాయల బిళ్ళలిస్తున్నారు. చెల్లుద్దా, చెల్లదా?"

"ఎందుకు చెల్లదమ్మా! ప్రభుత్వం డబ్బది. కాదనడం నేరం. ఇచ్చినవాళ్ళ దగ్గర ఇచ్చినట్టు తీసుకో" అన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను. నేను చెప్పింది చట్టం.

అమ్మకి నా మాటంటే గురి. మా లెక్చరరమ్మ చెప్పిందని అందరి దగ్గరా తీసుకుంది. బజారుకి ఈ సంగతి తెలిసిపోయింది. ఇంట్లో మిగిలిపోయిన బిళ్ళ ఉంటే చాలు, "ఆకుకూరలావిడ దగ్గరికెళ్ళు, ఆవిడ తీసుకుంటది" అనేవారు. అలా మైలవరంలో ఎవరికీ అక్కర్లేని బిళ్ళలన్నీ మా అమ్మ పాలపొడి డబ్బాల్లోకి చేరాయి. డబ్బా నిండితే ఇంకో డబ్బా. మంచం కిందకి తోసి పాత చీర కప్పేది.

ఆ డబ్బు దేనికో అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. నాన్న సమాధికి రాయి పెట్టించాలి. మా సమాధుల తోటలో నాన్నది ఒట్టి మట్టి దిబ్బ. తలవైపు పెట్టిన కొయ్య సిలువ ఎన్నిసార్లు మార్చినా చెదలు తినేసేది. ఏటా నవంబరులో సమాధుల పండక్కి అందరూ రాళ్ళు కడిగి, సున్నాలు వేసి, బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మ మట్టి ఎగదోసి దాని మీదే పూలు పెట్టేది. రాయి నేను పెట్టిస్తానంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు చదువుకోడానికి ఆయన సంపాదన పోసింది చాలు. రాయి మాత్రం నా రెక్కల కష్టంతో పెట్టించాలి. నా పేరు కూడా వేయించాలి" అనేది. కింద 'చేయించినది భార్య' అని, పక్కన తన పేరు. అంతే ఆవిడ కోరిక.

ఆ ఏడు డబ్బు సరిపోయిందనుకుంది. డబ్బాలు సంచిలో వేసుకుని బ్యాంకుకి వెళితే, లెక్కపెట్టే మనిషి లేడు సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళితే సర్వర్ డౌనన్నారు. మూడోసారి నేను కాలేజీకి సెలవు పెట్టి తోడు వెళ్ళాను.

కౌంటర్లో కుర్రాడు సంచి చూసి, "ఇన్ని ఒక్కసారే తీసుకోమండి. వారం వారం కొన్ని కొన్ని తెచ్చుకోండి. మా దగ్గర తీసుకునేవాళ్ళు లేక స్ట్రాంగ్ రూమ్‌లో గుట్టలు పడున్నాయి" అన్నాడు.

"మీ బ్యాంకే తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు బాబూ? ఇది డబ్బా, గులకరాళ్ళా?" అని అరిచాను. లైనులో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. కుర్రాడు తల గోక్కుని, "మేడమ్, నా చేతిలో ఏముందండి" అన్నాడు. నిజమే, వాడి చేతిలో ఏముంది? ఎవరినడిగినా అదే మాట. మరి ఎవరి చేతిలో ఉందో ఒక్కడూ చెప్పడు.

నాకు పెద్ద నోట్ల రద్దు గుర్తొచ్చింది. ఒక రాత్రి టీవీలో చెప్పారు, తెల్లారేసరికి జనం దాచుకున్న నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. ఇదే అమ్మతో ఇదే బ్యాంకు ముందు ఎండలో నిలబడ్డాను. అంత గట్టి నోటుని ఒక్క మాటతో చంపగలిగిన ప్రభుత్వం, తన సింహాలున్న బిళ్ళని ఒక్క టీకొట్టులో చెల్లేట్టు చెయ్యలేకపోయింది! చెల్లుతుందని ప్రకటనలిచ్చారు, ఫోన్లకి మెసేజీలు పంపారు. ఎవరు విన్నారు?

పండగ దగ్గర పడింది. "ఆ డబ్బాలు నాకిచ్చెయ్యి, నేను నోట్లిస్తా" అన్నాను.

అమ్మ నవ్వింది. "నువ్వేం చేసుకుంటావే వాటిని? నోట్లు నాకిచ్చి బిళ్ళలు నీ బీరువాలో పడేసుకుంటావు. అప్పుడు రాయి నువ్వు పెట్టించినట్టు గాదా?" అని గుప్పెడు తీసి నా పర్సులో పోసింది. "ఇయి బెజవాడలో ఖర్చుపెట్టి చూపించు. అప్పుడు మార్చుకుందాం."

ఖర్చుపెడదామనే బయల్దేరాను. షేర్ ఆటోవాడు నేను దిగాక గొడవ పెట్టుకున్నాడు. టీకొట్టులో "స్కాన్ చెయ్యండి మేడమ్" అన్నారు. రైతుబజారులో కూరగాయలావిడ చేతులు వెనక్కి దాచుకుంది. మందుల షాపువాడు చిల్లర లేదని రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడు. నేనొక బిళ్ళ ఇవ్వబోతే మాత్రం చెల్లదన్నాడు. "చాక్లెట్ చెల్లుతుంది గానీ బిళ్ళ చెల్లదా?" అన్నాను. "చాక్లెట్ అయితే తినొచ్చు కదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా. మా చర్చిలో అయినా తీసుకుంటారులే అని ఆదివారం వెళితే, కానుకలు పట్టే ముందు సంఘ కోశాధికారి గారు మైకులో, "దయచేసి సంచిలో పది రూపాయల బిళ్ళలు వెయ్యొద్దండి, మార్చలేక చస్తున్నాం" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

గుప్పెడూ గుప్పెడులాగే తిరిగి తీసుకెళ్ళాను. అమ్మ వాటిని అందుకుంది. డబ్బాలో పోసి మూత పెట్టింది.

ఇబ్రహీంపట్నంలో రాళ్ళు చెక్కే షాపాయన మాత్రం తీసుకుంటానన్నాడు. ఎలా? పది బిళ్ళలకి ఎనభై రూపాయల కింద. వాటిని కొనే మనిషొకడున్నాడట, బయటి రాష్ట్రానికి పంపిస్తాడట.

"ఇది నేరం తెలుసా మీకు? ప్రభుత్వం పది అంటే మీరు ఎనిమిది అంటారా?" అన్నాను.

"కేసు పెట్టండి మేడమ్, మీ ఇష్టం. కేసు కావాలా, పండక్కి రాయి కావాలా?" అన్నాడాయన, చెక్కుతున్న రాయి మీంచి తలెత్తకుండా.

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఆయనొక్కడే గదే తీసుకుంటానంటుంది. ఊరుకో" అంది. తరవాత ఆయనతో, "అట్టాగే తీసుకో బాబూ. ఎంతవరకూ వచ్చుద్దో చెప్పు" అంది.

ఆయన లెక్క చూశాడు. రాయి వస్తుంది, సిలువ వస్తుంది. చెక్కడానికి అక్షరానికింత. నాన్న పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ వరకూ వస్తాయి. కింద లైను రాదు. ఆ లైను డబ్బులు నేనిస్తానన్నాను. బతిమాలాను, కోప్పడ్డాను. అమ్మ వినలేదు.

"నా పేరు తీసెయ్ బాబూ" అంది. "నేనెవరో ఆయనకి తెలుసు."

నేను షాపు బయటికొచ్చి లారీల దుమ్ములో నిలబడి ఏడ్చాను. ఎండలో, వానలో ఆ గోనెపట్టా మీద కూర్చుని ఒక్కొక్క కట్టా అమ్మి కూడబెట్టిన డబ్బు. ఒక్క పైసా దొంగది కాదు. అందులో అయిదో వంతు ఎవడు మింగాడు? ఇంత డబ్బు వదిలాం, అంత వెనక్కి తీశాం, ధరలు అదుపు చేశాం అని లెక్కలు చెప్పే పెద్దలకి మా అమ్మ పేరు ఎక్కడ పోయిందో తెలుసా?

సమాధుల పండగ రోజు నాన్న రాయి నల్లగా మెరిసింది. అమ్మ బంతిపూల దండ వేసి కొవ్వొత్తులు వెలిగించింది. పక్క సమాధి వాళ్ళు వచ్చి, "వందనాలండీ. రాయి ఎంత బాగుందండీ! కూతురంటే నువ్వేనమ్మా, నాన్న రుణం తీర్చుకున్నావు" అని నా చేతులు పట్టుకున్నారు.

"నేను కాదండీ, మా అమ్మ పెట్టించింది! ఆకుకూరలమ్మి పెట్టించింది!" అని గట్టిగా అన్నాను. వాళ్ళు నవ్వి, "అమ్మని ముందు పెట్టి మాట్లాడుతోంది, మంచి పిల్ల" అనుకుంటూ వెళ్ళిపోయారు. అమ్మ నా కొంగు పట్టి లాగింది. "ఊరుకోవే, తోటలో అరుస్తావేంటి" అంది. ఆవిడ కళ్ళు రాయి అడుగున ఖాళీగా ఉన్న చోటే ఉన్నాయి.

మర్నాడు బజారులో అమ్మ పక్కన కాసేపు కూర్చున్నాను. ఒకావిడ తోటకూర కట్ట తీసుకుని పది రూపాయల బిళ్ళ ఇచ్చింది. అమ్మ దాన్ని తీసుకోలేదు.

"చెల్లదమ్మా, వేరేది ఇవ్వు."

"అదేంటమ్మా, నువ్వు తీసుకుంటావనే గదా ఇంత దూరం వచ్చా! గవర్నమెంటుదే గదా, ఎందుకు చెల్లదు?"

"నాకేం తెలుసమ్మా. మా అమ్మాయి లెక్చరరు, అడుగు" అని అమ్మ నన్ను చూపించింది.

ఆవిడ నా వైపు తిరిగింది. అమ్మ కూడా నా వైపే చూస్తోంది.

"చెల్లుతుందండీ" అన్నాను.

"అయితే నువ్వు తీసుకో" అంది అమ్మ.

తీసుకున్నాను. అమ్మకి ఇవ్వడానికి నా పర్సులో పది రూపాయల నోటు లేదు. ఇరవై ఇచ్చాను. చిల్లర లేదంటూ ఇంకో తోటకూర కట్ట నా ఒళ్ళో పడేసింది. ఆ బిళ్ళ ఈ రోజుకీ నా పర్సులోనే ఉంది.