నర్మద వెనక్కి తీసుకున్న పేర్లు

నర్మద ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అసిస్టెంటు. ఎండలు ముదిరాక చెవులు గింగురుమనేలా చెట్ల మీద గీపెట్టే కీచురాళ్లంటే ఆమెకు పిచ్చి. జనం తాము తీసిన పురుగుల ఫొటోలు పెట్టే వెబ్‌సైటు ఒకటుంది. అందులో కీచురాయి పడితే చాలు, అది ఏ జాతిదో నర్మద చెప్పేసేది. నాలుగేళ్లలో అక్కడ ఆమె మాటే చివరి మాట అయింది.

మే నెలలో అరుణజ్యోతి అనే పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు పేరు చెప్పిన ఫొటోలన్నీ, ఏ జాతి ఎక్కడుంటదో చూపే నా మ్యాపుల పెడుతున్న. మచ్చల రెక్కల కీచురాయి మన దిక్కు ఒక్కటే జాతి అన్నవ్. ఎట్ల తెలిసింది?"

"రెక్కలు జూస్తె తెలుస్తది" అంది నర్మద.

ఫోన్ పెట్టేశాక ఆ జవాబు ఆమెకే రుచించలేదు. మచ్చల రెక్కల ఫొటోలన్నీ మళ్లీ తెరిచింది. అన్నీ పైనుంచి తీసినవే. మగ కీచురాయి పొట్ట కింద, శబ్దం పుట్టే చోటును కప్పుతూ రెండు రేకులుంటాయి. అసలు గుర్తు వాటి ఆకారమే. ఒక్క ఫొటోలోనూ అవి కనబడలేదు.

"ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు భర్త నగేష్.

"నూట డెబ్బై ఫొటోలకు పేర్లు చెప్పిన. తప్పేమో."

"పురుగులే గదా. ఎవలకు ఫికర్?"

"ఆ పిల్ల రాసేదాంట్ల నా తప్పు అచ్చయితది."

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఊరిబయటి గుట్టకు పోయారు. కూసేవి మగవే కాబట్టి కూస్తున్నవాటినే వెతికి, ఒకే వేపచెట్టు మీద రెండింటిని పట్టారు. రెక్కలు అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. వెల్లకిలా తిప్పితే ఒకదాని రేకులు గుండ్రంగా వచ్చి మధ్యలో కలిశాయి. రెండోదానివి సన్నగా, ఎడంగా ఉన్నాయి. నర్మద అక్కడే చతికిలబడింది.

"రెండున్నయ్" అంది.

గుట్ట మీది నుంచే అరుణజ్యోతికి ఫోన్ చేసింది. "మ్యాపు అచ్చుకు పంపకు. నా పేర్లన్నీ తీసెయ్."

"రేపే పంపేదుండె అక్కా!" అంది ఆ పిల్ల.

"నన్ను తిట్టుకో. గానీ తీసెయ్."

తర్వాత పదిరోజులు ఒక్కో ఫొటో కింద తను చెప్పిన పేరు వెనక్కి తీసుకుని రాసింది: 'దీన్నిబట్టి జాతి చెప్పలేం. పురుగును తిప్పి కిందివైపు ఫొటో తీయండి.' అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలు పెట్టిన మీర్‌పేట్ రమాకాంత్ ఫోన్ చేసి మండిపడ్డాడు.

"నాలుగేండ్లు ఒక పేరు జెప్పి, ఇప్పుడు తెల్వదంటవా?"

"అవ్ సార్. తెల్వకనే చెప్పిన."

ఆయన మళ్లీ ఒక్క ఫొటో పెట్టలేదు. అరుణజ్యోతి మాత్రం మ్యాపు దిద్దుకుంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఇప్పుడు మిగిలినవి రెండే చుక్కలు, రెండు వేర్వేరు జాతులవి.

అంతలో వానలు పడ్డాయి. చెట్లు మూగబోయాయి. మిగతావి తేల్చాలంటే ఏడాది ఆగాలి. ఆ ఆగడమే నర్మదకు చేతకాలేదు. జూన్ నెలంతా కాలేజీ అయిపోగానే చుట్టుదారి పట్టి, ఒక్కటైనా కూస్తుందేమోనని వింటూ గుట్ట మీదుగానే ఇంటికి వచ్చింది.