ఎరుపు లేని పేజీ

వీరదుర్గకి భయం పుట్టుకతో వచ్చిందని మా వీధిలో అందరం ఆటపట్టించేవాళ్ళం. ఉరిమితే భయం, బల్లి మీద పడితే భయం, ఫోను మోగితే భయం. అలాంటి మనిషి భీమవరంలో రొయ్యపిల్లల ఏజెంటు సత్యప్రసాద్ గారి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, ఏ పిల్లకి రోగం ఉందో, ఏ పిల్లకి లేదో రైతులకి ఫోన్లో చెప్పే ఉద్యోగం చేసేది. భయపడితే రైతులు భయపడాలి గాని ఆమెకేం భయమని నేనే ఎన్నోసార్లు నవ్వాను. రెండువేల ఐదులో ఎండాకాలం పంటకి ముందు ఆమె పడ్డ భయం గురించి, తర్వాత మా అరుగు మీద కూర్చుని తనే చెప్పాక, మళ్ళీ నవ్వలేదు.

వాళ్ళది గోదావరి పాయల్లో వేట చేసుకునే కుటుంబం. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ కలిపి పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. పెళ్ళయ్యాక, పిల్లలు బడికి పోయే వయసొచ్చాక, పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకుంది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకోకుండా, కుర్చీలో కూర్చుని చదివి సంపాదించిన మొదటి మనిషి తనే. ఆ కుర్చీ అంటే ఆమెకి ఎంత గర్వమో, అది పోతుందేమోనని అంత దిగులు.

ఆ దిగులుకి పేరు ఉంది. చిట్టెమ్మ. వీరదుర్గ తల్లి.

చిట్టెమ్మకి ముందు చేప ముల్లు కనబడటం మానేసింది. పిల్లలకి ముద్ద కలిపి, వేళ్ళతో తడిమి, ఒక్క ముల్లు కూడా లేకుండా తీసిపెట్టే మనిషి, ఒకనాడు ముల్లు వదిలేసింది. పిల్లవాడి గొంతులో ఇరుక్కుని ఇల్లంతా గగ్గోలు. తర్వాత వల అల్లే సూదిలోకి దారం ఎక్కలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మొత్తం చీకటి. నీటికాసులన్నారు డాక్టర్లు, చెయ్యి దాటిపోయిందన్నారు. గుమ్మం పక్కన గోనెపట్టా మీద కూర్చుని, ఎవరి అడుగుల చప్పుడు వినబడితే వాళ్ళ పేరు పిలుస్తూ ఆమె బతుకు వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో వాళ్ళకి కళ్ళ గురించి తెలిసిన వైద్యశాస్త్రమంతా ఇదే. ముల్లుతో మొదలవుతుంది, చీకటితో ముగుస్తుంది. పుస్తకం పట్టేవాళ్ళు లేని ఇంట్లో కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు మరి, ఇంకోలా ఎలా తెలుస్తుంది?

వీరదుర్గకి నలభై దాటిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తింటుంటే చిన్నకూతురికి పొలమారింది. దగ్గి దగ్గి, అరచేతిలో ముల్లు ఉమ్మింది.

"అమ్మా, ముల్లు చూసుకోలేదేంటే?" అంది ఆ పిల్ల మామూలుగానే.

వీరదుర్గ పిల్ల పళ్ళెం లాక్కుని మిగతా అన్నమంతా వేళ్ళతో తడిమింది. ఆ ముల్లు తనకి నిజంగానే కనబడలేదు.

అక్కడినుంచి ఆమె తనని తానే కాపలా కాయడం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్ళు కనబడుతున్నాయా? లేదు. కాటుక డబ్బా మీద రాత? అలుక్కుపోయినట్టుంది. ఆఫీసులో డబ్బా మానిటరు మీద తెల్లటి పేజీ తెరిస్తే కళ్ళల్లో ఉప్పు పోసినట్టు మండేది, నల్ల అక్షరాలు చీమల్లా పాకేవి. మొగుడికి చెప్పలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఆయన నోటినుంచి ఆ మాట వచ్చిందంటే ఇక అది ఖాయమే కదా అని ఆమె లెక్క. అన్నవరం కొండ మెట్లెక్కి వస్తానని మాత్రం సత్యదేవుడికి మొక్కుకుంది.

ఆఫీసులో చెప్పడమా, అది అసలు కుదరదు. ఆ మధ్యే వ్యాను డ్రైవరు బుల్లియ్య, చూపు మందగించిందని నోరుజారాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, సాయంత్రానికల్లా ఆ మాట సత్యప్రసాద్ గారి చెవిన పడింది. ఆయన చెడ్డవాడేం కాదు, ఎంతో మర్యాదగా, "కళ్ళు సరిగా లేనివాడి చేతిలో బండి పెట్టలేనయ్యా" అని ఇంటికి పంపేశారు. బండి నడిపేవాడికే అంత అయితే, చదవడమే ఉద్యోగమైన తన సంగతేమిటి? వీరదుర్గ ఆ రోజు అన్నం గిన్నె విప్పకుండానే ఇంటికి తెచ్చేసింది.

పక్క టేబుల్ దగ్గర సూర్యకళ అని ఇంకో అమ్మాయి ఉండేది. ఆమెతో తలనొప్పి అని చెప్పింది వీరదుర్గ.

"ఆ తెలుపు చూసీ చూసీ నాకూ అలాగే ఉంటదండీ. రంగులు మార్చుకోండి, సుఖంగా ఉంటది" అంది సూర్యకళ. బ్రౌజరులో టూల్స్ నొక్కి, ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరిచి, కింద కలర్స్, ఫాంట్స్ అని ఉన్న బటన్లు చూపించి తన పనిలో పడిపోయింది.

మిగతాదంతా వీరదుర్గ ఒక్కతే, దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ, రోజుకి కాస్త చొప్పున కనిపెట్టింది. మొదట అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టింది. కొన్ని పేజీలు పెరిగాయి, ల్యాబు పేజీ మాత్రం మొండికేసింది. పేజీ చెప్పే సైజుని లెక్కచేయవద్దని ఇంకోచోట టిక్కు పెడితే అదీ లొంగింది. సన్నగా వంకరగా ఉండే అక్షరాలు తీసేసి, లావుగా నిటారుగా ఉండేవి ఎంచుకుంది. తర్వాత వెనకవైపు తెలుపు బదులు లేత పసుపు, అక్షరాలకి ముదురు గోధుమ రంగు. దానికీ ల్యాబు పేజీ మొండికేసింది. అప్పుడు, ఏ పేజీ ఏ రంగు వేసుకొచ్చినా పట్టించుకోవద్దనే గడి ఒకటి కనబడింది. దాంట్లోనూ టిక్కు పెట్టింది.

ఆ ఉదయం తెర తెరుచుకుంటే చల్లటి మజ్జిగ తాగినట్టయింది కళ్ళకి. ప్రతి అంకె పెద్దగా, నిమ్మళంగా నిలబడింది. మంట లేదు, పాకడం లేదు. సత్యదేవుడు మొక్కు ఆలకించాడనుకుంది. చాలా రోజుల తర్వాత భయం లేకుండా కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

ల్యాబు పేజీ అంటే ఏమీ లేదు. సముద్రం ఒడ్డున హేచరీల్లో పెంచిన రొయ్యపిల్లల్ని పరీక్ష చేసి, తొట్టి నంబర్లు వరసగా పెడతారు. తెల్లమచ్చ రోగం ఉన్న తొట్టి నంబరు ఎర్రగా ఉంటుంది, మంచివి నల్లగా ఉంటాయి. అంతే తేడా, పక్కన ఇంకో మాట రాయరు. పిల్ల బయలుదేరాలా వద్దా అన్నది వీరదుర్గ చూసి చెప్పే మాట మీదే. తెల్లమచ్చ పిల్ల ఒక్కసారి చెరువులో పడిందా, నెల తిరక్కుండా చెరువంతా రొయ్య చచ్చి తేలిపోతుంది. పక్క చెరువులకీ పాకుతుంది.

ఆ రోజు పేజీలో ఎరుపు లేదు. అన్నీ మంచివే. వీరదుర్గకి సంతోషమే వేసింది. ఉప్పుటేరు వైపు చెరువులున్న గంగాధర్ గారికి ఫోన్ చేసింది.

"మీ పదిహేడో తొట్టి బాగుందండి. పిల్ల దింపుకోవచ్చండి."

"చల్లని మాట చెప్పావమ్మా. చల్లబడే వేళకి ముహూర్తం ఉంది, ఈ పూటే వదిలేస్తాను" అన్నారాయన.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నె కడుక్కుని వస్తూ, వీరదుర్గ గుమ్మం దగ్గర ఆగిపోయింది. గదికి ఆ చివర సూర్యకళ తెర మీద ల్యాబు పేజీ తెరిచి ఉంది. అంత దూరం నుంచి కూడా స్పష్టంగా కనబడింది. తెల్లటి పేజీ, నల్లటి వరస, మధ్యలో రెండుచోట్ల ఎరుపు.

పరిగెత్తి తన తెర చూసుకుంది. లేత పసుపు మీద అంతా గోధుమ రంగే. ఎరుపు లేదు. ఏ పేజీ రంగూ పట్టించుకోవద్దని తనే చెప్పింది కదా, అది బుద్ధిగా పట్టించుకోలేదు. మళ్ళీ సూర్యకళ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎర్రటి వాటిలో ఒకటి పదిహేడు, రెండోదానికి ఇంకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

ఫోను అందుకుంది. గంగాధర్ గారి సెల్లుకి కొట్టింది. కలవలేదు. చెరువుల దగ్గర సిగ్నల్ ఉండదు. మళ్ళీ కొట్టింది. హేచరీకి కొడితే, వ్యాను ఎప్పుడో బయలుదేరిందన్నారు. సత్యప్రసాద్ గారు ఊళ్ళో లేరు.

"గంగాధర్ గారికి కొడుతూనే ఉండు సూర్యకళా, కలిస్తే పిల్ల వదలొద్దని చెప్పు" అని బయటపడి ఆటో ఎక్కింది. ఎందుకని సూర్యకళ అడుగుతున్నా వెనక్కి తిరగలేదు.

దారి పొడుగునా ఆమెకి రెండు భయాలు. సంచులు విప్పేసి ఉంటారేమోనని ఒకటి. విప్పకపోతే ఏం చెప్పాలన్నది రెండోది. కళ్ళు కనబడలేదని చెబితే రేపటికి కుర్చీ ఉండదు. కుర్చీ పోతే మిగిలేది గుమ్మం పక్క గోనెపట్టా. ఆటో గతుకుల్లో ఎగురుతుంటే ఆమె ఒక అబద్ధం అల్లుకుంది. ల్యాబువాళ్ళు ముందు తప్పు పెట్టి తర్వాత దిద్దారని చెబితే ఎవరికి తెలుస్తుంది? ఆ మాటలు పెదాల మీదే వల్లెవేసుకుంది.

కల్వర్టు దగ్గర ఆటో ఆగిపోయింది, అక్కడినుంచి గట్టు సన్నం. దూరంగా గంగాధర్ గారి చెరువు. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు నీళ్ళమీద తేలుతున్నాయి. చెరువు నీటి వేడికి పిల్ల అలవాటు పడేదాకా అలా తేలనిచ్చి, ఆ తర్వాతే మూతులు విప్పుతారు. నడుములోతు నీళ్ళలో కూలీలు నిలబడి ఉన్నారు. గంగాధర్ గారు పంచె ఎగగట్టి, ఒడ్డున కర్పూరం వెలిగించి, ఇటు వీపు పెట్టి నీళ్ళలోకి దిగుతున్నారు.

వీరదుర్గ పుట్టింట్లో, నీళ్ళలోకి దిగే మగాణ్ణి వెనకనుంచి పిలవరు. పిలిస్తే వాడు తిరిగి రాడని నమ్మకం. చిన్నప్పుడు మర్చిపోయి ఒకసారి తండ్రిని పిలిచినందుకు చిట్టెమ్మ చెంప పగలగొట్టింది. ఆ చెంప ఇప్పుడు మళ్ళీ మండింది. అయినా గట్టుమీద పరుగెత్తుతూ గొంతు చించుకుని అరిచింది.

"గంగాధర్ గారండీ! విప్పకండి! సంచులు విప్పకండి!"

ఆయన గిరుక్కున తిరిగారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి మొహం గంటు పెట్టుకుని ఉన్నారు.

"నీళ్ళలో కాలు పెట్టేవాణ్ణి వెనకనుంచి పిలుస్తావేంటమ్మా? బుద్ధుండాలి!"

"ఆ పిల్ల వద్దండి. తెల్లమచ్చ ఉందండి."

"పొద్దున్న బాగుందన్నావు గదా? ల్యాబువాళ్ళు తప్పు పెట్టారా ఏంటి?"

ఆమె దారంతా వల్లె వేసిన అబద్ధం ఆయన నోటినుంచే వచ్చింది. అవునండి అంటే చాలు. కూలీలందరూ చూస్తున్నారు.

"ల్యాబుది కాదండి, నాదండి తప్పు" అంది. ఇక ఆగలేదు. "నాకు కళ్ళు పోతున్నాయండి. మా అమ్మకి పోయినట్టే. అంకెలు కనబడక తెర రంగులు మార్చుకున్నానండి. ఎరుపు కూడా పోయిందండి. సత్యప్రసాద్ గారికి మీరే చెప్పండి, నాకు చెప్పడానికి భయంగా ఉంది."

గంగాధర్ గారు నీళ్ళలోంచి గట్టెక్కారు. కోపం ఎటు పోయిందో గాని, కనుబొమలు ముడిపడ్డాయి.

"సరే. సంచులు విప్పలేదని నీకెవరు చెప్పారు? విప్పకండి, విప్పకండి అని అరుచుకుంటా వచ్చావు."

"చూశానండి."

"ఎక్కణ్ణించి?"

"ఆ కల్వర్టు దగ్గర్నించండి. మూతులకి రబ్బరు బ్యాండ్లు అలాగే ఉన్నాయి గదండీ, ఎర్రవి."

ఆయన కల్వర్టు వైపు చూశారు. అక్కడ ఆటో అగ్గిపెట్టెంత ఉంది. సంచుల వైపు చూశారు. కూలీ చేత ఒక సంచి తెప్పించి, మూతికి కట్టిన తొట్టి నంబరు చీటీ ఆమె చేతిలో పెట్టారు.

"ఇది చదువు."

చీటీ మొహం దగ్గర పెట్టుకుంది. రాసిందంతా బూడిద మరకలా ఉంది. చెయ్యి తనంతట తానే చీటీని దూరం జరిపింది, ఇంకా జరిపింది.

"అదుగో!" అన్నారు గంగాధర్ గారు. "జోడు కొనిపెట్టకముందు మా ఆవిడ కూడా పంచాంగం అట్టాగే పట్టుకునేది."

జేబులోంచి తన కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, ఇచ్చారు. అది ముక్కు మీద వదులుగా కూర్చుంది. వీరదుర్గ చెయ్యి వెనక్కి ముడిచి చీటీ వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. కాసేపటికి చీటీ మీద నీటి చుక్కలు పడ్డాయి.

"ఏడుస్తావేంటమ్మా? పోయింది నా పిల్ల గదా!"

"పదిహేడండి" అంది వీరదుర్గ. "కనబడుతోందండి. పదిహేడు."