హులిగమ్మ పలకని ‘ర’

ఎమ్మిగనూరులో జొన్నరొట్టెలు కాల్చి అమ్మే హులిగమ్మ ‘రొట్టె’ అనదు. ఆ మాట ఆమె మొగుడి పేరులోని మొదటి అక్షరంతో మొదలవుతుంది మరి. ఆయన రంగప్ప.

మొగుడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని కాపురానికొచ్చిన కొత్తలో అత్త చెప్పింది. వీధిలో మిగతా ఆడవాళ్లంతా పేరొక్కటీ వదిలేసి ఊరుకున్నారు. హులిగమ్మ అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఎందుకొచ్చిన గొడవని ఏకంగా ఆ అక్షరంతో మొదలయ్యే మాటలన్నిటినీ ఇంట్లోంచి గెంటేసింది. అప్పట్నుంచి ఆమెకు రాత్రి లేదు, ‘పొద్దు మునిగినాక’ ఉంది. రేపు లేదు, ‘తెల్లారితే’ ఉంది. రోడ్డు ‘తారుదావ’ అయింది. లెక్కపెడితే ఒకటి, ఇంగొగటి, మూడు. ‘రా’ అనే చిన్న మాటైనా లేకుండా ఇన్నేళ్లు ఎట్లా నెగ్గుకొచ్చిందో ఆ మహాతల్లికే తెలియాలి. రంగప్పను పిలవాలంటే ‘ఇదో’ అంటుంది. అన్నానికి పిలిచినా అంతే, ఇంట్లోకి తేలు వచ్చినా అంతే.

“రొట్టెలు రెండియ్యక్కా,” అని ఎవరైనా అడిగితే, “జొన్నవేనా? ఒకటీ ఇంగొగటీనా?” అని తేల్చుకుని మరీ కడుతుంది. కొత్తవాళ్లు బిత్తరపోతారు. పాతవాళ్లు ఆమె చేత ‘ర’ అనిపించాలని పనిగట్టుకుని ఏదేదో అడుగుతారు. ఇంతవరకూ ఎవరి పప్పులూ ఉడకలేదు.

ఆమధ్య ఆదోనిలో రంగప్ప కంటికి ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి పంపించారు. హులిగమ్మ ఆయన్ను బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, “ఈడనే ఉండు. కదిలితే సూడు,” అని బెదిరించి నీళ్ల సీసా కోసం వెళ్లింది. ఆయన ఉంటే కదా! ఎదురుగా బస్సు ఆగీ ఆగగానే, సీటు దక్కదేమోనని కిటికీలోంచి తువ్వాలు విసిరి, తడుముకుంటూ ఎక్కి కూర్చున్నాడు. అది ఎమ్మిగనూరు బస్సు కాదు, బళ్లారిది.

హులిగమ్మ తిరిగొచ్చేసరికి బస్సు కదులుతోంది. కిటికీలో నల్లద్దాలు దర్జాగా కనిపించాయి. ఆయనకు చూపానదు, దగ్గర ఫోను లేదు, బళ్లారిలో పలకరించే దిక్కు లేదు.

“ఇదో! ఇదో!” అని పరుగెత్తింది. బస్టాండులో ఉన్న మొగుళ్లంతా తిరిగి చూశారు, రంగప్ప తప్ప.

“ఎవర్నమ్మా పిలిసేది?” అని తలుపు దగ్గర నుంచి కండక్టరు అరిచాడు.

“మా ఆయప్పను! లోపలుండాడు!”

“బస్సు నిండా ఆయప్పలే ఉండారు. పేరు సెప్పమ్మా!”

పేరు చెబితే ఆయుష్షు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు. బస్సు గేటు దాకా వెళ్లిపోయింది. ఏడుపొచ్చేసింది పాపం. ఆ ఏడుపులోనే గొంతు చించుకుంది.

“రంగప్పా! దిగి రా!”

బస్సు ఆగింది. కండక్టరు కూడా లోపలికి కేక పెట్టాడు. రంగప్ప కదల్లేదు. చివరికి రెక్క పట్టుకుని దింపాల్సి వచ్చింది.

హులిగమ్మ ముందు ఆయన గుండె మీద చెయ్యేసి చూసింది. కొట్టుకుంటోంది. అప్పుడొచ్చింది కోపం.

“సెవుడా నీకు? అంత గట్టిగా పిలిస్తే ఇనపడల్యా?”

“ఇనపడింది,” అన్నాడు రంగప్ప. “ఇంగోసారి పిలుస్తావేమోనని కూసున్నా.”