నా ప్రసంగాన్ని దిద్దిన ప్రత్యర్థి

బి.ఏ. ప్యాసైనవాణ్ణి చూడటానికి పక్క ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చే కాలమది. నేనింకా ప్యాసు కాలేదు గాని, రాజమహేంద్రవరం కాలేజీలో చేరానన్న ఒక్క కారణానికే తలపాగా రెండంగుళాలు ఎత్తుగా చుట్టేవాణ్ణి. మా తరగతిలో ఒకతన్ని అందరం 'డిక్షనరీ' అనేవాళ్ళం. కోనసీమలో ఓ పాలేరు కొడుకు. మిషను బడిలో చదివి పై చదువుకి వచ్చాడు. అతనికి తెలియని ఇంగ్లీషు మాట మా మేష్టారికీ తెలిసేది కాదు.

ఆ ఏడు కాలేజీలో చర్చ పెట్టారు, పై చదువులు అన్ని కులాలవారికీ అందాలా వద్దా అని. వద్దనే పక్షం నాది, అందాలనేది డిక్షనరీది. నెగ్గినవాడికి ప్రిన్సిపాలు దొరగారి సిఫారసు ఉత్తరం దొరుకుతుందనీ, దానితో కలెక్టరు కచేరీలో ఉద్యోగం ఖాయమనీ మా మామయ్య ఆశ. ప్రసంగమైతే రాశాను గాని, అందులోని ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. సిగ్గు విడిచి డిక్షనరీ దగ్గరికే వెళ్ళాను. కాగితాలు అరుగు మీద పెట్టి నేను దూరంగా జరిగితే, అతను తీసుకుని ఓపిగ్గా దిద్ది మళ్ళీ అక్కడే పెట్టాడు. నేను గోదావరిలో మునిగి ఇంటికి పోయాను. (మైల నాకే గాని నా ఇంగ్లీషుకి లేదు కాబోలు.)

చర్చనాడు, అందరూ కాలేజీకి వస్తే నాగలి పట్టేదెవరని ఇంగ్లీషులో గర్జించాను. ఆ తరవాతి వాక్యం కాస్తా మరిచిపోయాను. ముందు బల్ల మీంచి డిక్షనరీ మెల్లగా అందించాడు: "'అర్హత లేనివారికి చదువు బరువే.' అక్కణ్ణించి చెప్పండి, పంతులుగారూ." చెప్పాను. అధ్యక్షులుగా ఉన్న మేష్టారు, ఆ వాక్యం నీకెలా తెలుసని అతన్ని అడిగారు. అతను తల వంచుకుని ఊరుకున్నాడు. నా నోరే ఊరుకోలేదు.

"ఆయనే దిద్దారండి," అన్నాను. (అతన్ని 'ఆయన' అనడం అదే మొదలు.)

హాలంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక డిక్షనరీ లేచాడు. నన్ను ఒక్క మాటతోనూ ఎత్తిపొడవలేదు. తనకన్నా చురుకైన వాళ్ళు తమ పల్లెలో కలుపు తీస్తున్నారనీ, తాను బడి దాకా రాగలిగాడు గనకనే ఇక్కడ నిలబడ్డాడనీ చెప్పి కూర్చున్నాడు. నాకెందుకు అందించావయ్యా అని గుసగుసగా అడిగాను.

"మీరు సగంలో ఆగిపోతే నేను నెగ్గినట్టు కాదు కదండి. అంతా చెప్పాక నెగ్గాలి," అన్నాడు.

అంతలో మేష్టారు అతని పక్షంవారిని చేతులెత్తమన్నారు. చూస్తే, లేచిన చేతుల్లో నాది కూడా ఉంది. ఉత్తరం అతనికి దక్కింది. మామయ్య నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. తలపాగా ఎత్తుగా చుట్టిన అప్పటి నన్ను, ఆ పొగరుబోతు కుర్రాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. కాలేజీలో వాడు చేసిన తెలివైన పని ఆ చెయ్యెత్తడం ఒక్కటే, అదీ ఆలోచించకుండా చేసినది.